గంట లేని బడి

"ముప్పై నాలుగేళ్లు ఊళ్లో పిల్లకాయలందర్నీ బడికి లాక్కొచ్చిన సారు మనవరాలే బడికి పోదంట!"

కొనకనమిట్లలో టీ కొట్టు దగ్గర విన్న మాట ఇది. నా వెనక అన్నదే గానీ, నా చెవిన పడాలనే అన్నది. 2021 ఆగస్టు. కరోనా రెండో దెబ్బ తర్వాత బళ్లు మళ్లీ తెరిచిన వారం. గ్లాసు కింద పెట్టి, డబ్బులిచ్చి, తిరిగి చూడకుండా వచ్చేశాను. తిరిగి చూసినా ఏమని చెప్పను? అన్నది నిజమే కదా.

నేను 1983లో టీచర్నయ్యాను. 2017లో రిటైరయ్యాను. మధ్యలో ఎన్ని బదిలీలైనా పొదిలి నుంచి మార్కాపురం వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెలే నా ప్రపంచం. ఈ పడమటి ప్రాంతం సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. ఇది వాన మీద బతికే నేల. కంది, ఆముదం, సజ్జ, పొగాకు. బోరు వేస్తే నీళ్లకంటే ముందు అప్పు పడుతుంది. పడ్డ నీళ్లలోనూ చాలాచోట్ల ఫ్లోరైడే. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాది రాయి వేసినప్పుడు మా ఐదో తరగతి పిల్లలచేత దాని మీద వ్యాసం రాయించాను. రెండో సొరంగం తవ్వకం 2024లో పూర్తయ్యే నాటికి ఆ పిల్లలకు పిల్లలు పుట్టి, వాళ్లూ ఐదో తరగతి దాటారు.

అలాంటి చోట పిల్లవాడంటే రెండు చేతులు. జనవరి వచ్చిందంటే పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు అల్లే పని మొదలయ్యేది. ఆ రెండు మూడు నెలలు బళ్లో సగం పలకలు ఖాళీ. హాజరుపట్టీ చేత్తో పట్టుకుని బ్యారన్ల వెంట తిరిగేవాణ్ని. ఆకు జిగురుతో నల్లబడిన వేళ్లతో పిల్లలు దణ్ణం పెట్టేవాళ్లు. తర్వాత కంది కోతలు. ఏడాది పొడుగునా మేకలు. పగలు వెళ్తే తల్లిదండ్రులు దొరకరని రాత్రి అన్నాల వేళకు వెళ్లేవాణ్ని. ఒకాయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "వాడు బళ్లో కూర్చుంటాడు సారూ, మేకలు కూర్చోవు గదా!"

దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. మొండితనం ఉండేది. మార్కాపురం పలకలు మా పక్కనే తయారయ్యేవి. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన రాతిపలకలు అవి. వాటిని తవ్వి, కోసి, చెక్క బద్దలు బిగించే పనిలో ఉన్న ఇళ్లలో ఎన్నింటిలో చదువుకున్న పిల్లలున్నారో చూడండని మీటింగుల్లో గట్టిగా మాట్లాడేవాణ్ని. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లాలో చేసిన పని గురించి చదివినప్పుడు నా మొండితనానికి ఒక సిద్ధాంతం దొరికినట్టయింది. బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ బాలకార్మికుడే అన్నది వాళ్ల మాట. ఇంట్లో పని, సొంత చేలో పని అన్న మినహాయింపుల్లేవు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మా స్కూల్లో పిల్లలకు బిస్కెట్లు పంచాను. ఎందుకు సార్ అంటే, మనకే వచ్చిందిరా అన్నాను.

ఇప్పుడు అర్థమైందా, టీ కొట్టు దగ్గర మాట నాకెందుకు అంత గుచ్చుకుందో?

* * *

మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే కోడల్నీ పిల్లల్నీ తీసుకుని ఊరొచ్చాడు. నెల రోజులన్నది ఏడాదైంది. కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది. మాకు ఏడెకరాల మెట్ట ఉంది. బోరెండిపోయి 2017లో బత్తాయి చెట్లు కొట్టించేశాక దాన్ని కౌలుకిచ్చేశాను. వాడు కౌలు మాన్పించి తనే దున్నించాడు. మొదటి ఏడు కందిలో సజ్జ వేశాడు. ఏదో సరదా, తీరిపోతుందిలే అనుకున్నాను. తీరలేదు.

మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్లు. మనవడికి నాలుగు. మనవరాలు ఒక గదిలో ఫోను ముందు కూర్చుని ఆన్‌లైన్ క్లాసులో 'ప్లాంట్స్ అరౌండ్ అజ్' పాఠం వినేది. కిటికీ అవతలే కంది పూసింది. ఒకరోజు వాడు విసుగొచ్చి ఫోను లాక్కుని, పిల్లను చేలోకి తీసుకెళ్లాడు. మా ఇంటి చదువు మొదలైంది ఆ రోజే. దాని వెనక పెద్ద ఆలోచనలేమీ లేవు, ఉత్త కోపం తప్ప.

బళ్లు తెరిచాక గొడవ మొదలైంది. హైదరాబాద్‌లో పిల్ల చదివిన బడి పేరెందుకు గానీ, మూడో తరగతిలో పరీక్ష ఉన్న ప్రతి పొద్దున పిల్ల వాంతి చేసుకునేదట. ఆ సంగతి నాకు చెప్పనేలేదు. "అలాంటి బడికి మళ్లీ పంపను నాన్నా" అన్నాడు. సరే, మన ఊరి బడికి పంపు, నేను పనిచేసిన బడే, పంతుళ్లు మంచివాళ్లు అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నువ్వు నన్ను పంపావా?"

పంపలేదు. ఊరి పిల్లలందర్నీ సర్కారు బడికి రమ్మని ఇల్లిల్లూ తిరిగిన మనిషిని, నా కొడుకును మాత్రం ఐదో తరగతి నుంచే ప్రైవేటు హాస్టల్లో పడేశాను. నాలాంటి టీచర్లు జిల్లాకు వందల మంది ఉంటారని నాకు తెలుసు. అది ఓదార్పు కాదు. ఆ హాస్టల్లో వాడు రోజుకు ఎన్ని గంటలు ఏడ్చాడో నేనెప్పుడూ అడగలేదు, వాడెప్పుడూ చెప్పలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ లెక్క ఇలా తేలింది.

మా ఆవిడ నా వంక చూసింది. ఆ పూట అన్నం దగ్గర ఎవరూ మాట్లాడుకోలేదు.

మర్నాడు పొద్దున వాడే వచ్చి, "ఇంట్లో టీచరున్నాడు గదా, నువ్వే చెప్పు" అన్నాడు. కోపం ఉన్నా, రిటైరైన టీచర్ని పాఠం చెప్పమని పిలిస్తే కాదనలేడు. ఆ బలహీనత వాడికి తెలుసు.

* * *

చేలో వేపచెట్టు కింద బడి. గంట లేదు, హాజరుపట్టీ లేదు. మార్కాపురంలో వెతికి రెండు రాతిపలకలు కొనుక్కొచ్చాను. పలకంటే ఇప్పుడు ప్లాస్టిక్కే. రాతిపలక కావాలంటే కొట్టువాడు నన్ను వింతగా చూశాడు. అక్కడి రాయి ఇప్పుడు ఇళ్ల గోడలకూ నేలకూ పలకలుగా విదేశాలకు పోతోంది.

మొదటి నెల నేను బళ్లో చెప్పినట్టే చెప్పాను. ఎక్కాలు, ఒత్తులు, గుణింతాలు. పిల్లలు ఆవలించారు. రెండో నెలలో ఒక వాన పడింది. మనవరాలు "తాతయ్యా, ఎంత వాన పడింది?" అంది. చాలా పడిందన్నాను. "చాలా అంటే ఎంత?" అంది. ఆ ప్రశ్నతో నా పాఠాల తీరు మారింది.

మొదలూ చివరా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి తెచ్చి, ఆరుబయట మేకు పాతి కట్టాం. లోపల పడ్డ నీటిని స్కేలుతో కొలవడం. ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే ఎన్ని లీటర్లు? ఎకరం అంటే వంద సెంట్లు. సెంటంటే 48.4 చదరపు గజాలు. గజాల్ని మీటర్లు చెయ్యాలి, మీటర్లను లీటర్లు చెయ్యాలి. రెండు రోజులు పట్టింది. నాలుగు వేల నలభై ఏడు లీటర్లు తేలింది. "అంటే దాదాపు ఒక ట్యాంకర్!" అని అరిచింది పిల్ల. వేసవిలో ఊళ్లోకి ట్యాంకర్ వస్తే బిందెల దగ్గర జరిగే యుద్ధం దానికి తెలుసు. నేను ముప్పై నాలుగేళ్లు ఘనపరిమాణం చెప్పాను. ఏ పిల్లా అలా అరవలేదు.

కంది విత్తి నెలన్నర దాటాక మొక్కల్ని వేళ్లతో సహా పెకలించి చూశాం. వేర్లకు బుడిపెలుంటాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. గోటితో చీల్చితే లోపల గులాబీరంగు కనపడాలి, అప్పుడే అది పనిచేస్తున్నట్టు. చిన్నవాడు దాన్ని చూసి "తాతయ్యా, మొక్కకు రక్తమా?" అన్నాడు. ఛ, మొక్కకు రక్తమేమిటిరా అని కసిరాను. రాత్రి వాళ్ల నాన్న కంప్యూటర్‌లో వెతికి చూపించాడు. ఆ రంగునిచ్చే పదార్థం మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమేనట. పేరు లెగ్‌హిమోగ్లోబిన్. మర్నాడు ఐదేళ్ల వాడికి నేను సారీ చెప్పాను. బళ్లో అయితే చెప్పేవాణ్ని కాదు. చెప్పడానికి అక్కడ తీరికే ఉండదు.

పూత మీద పచ్చపురుగు పడితే వేపగింజల కషాయం. వంద లీటర్ల నీటికి ఐదు కిలోల గింజల పొడి. మన స్ప్రేయరు పదహారు లీటర్లది, దానికెంత పొడి? ఎనిమిది వందల గ్రాములు. కార్తెలు చెప్పింది మా ఆవిడ. మృగశిర ఎప్పుడు వస్తుంది, ఆరుద్రలో ఏం విత్తాలి అన్నవి నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆ పూట ఆమె టీచరు, నేను విద్యార్థిని. 'రైలుబడి' చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. జపాన్‌లో కొబయాషీ మాస్టారు ఒక రైతును పిల్లల ముందు నిలబెట్టి, ఈయనే ఈ రోజు మీ టీచర్ అంటారు. నేను టీచర్ని కాదండీ అని ఆ రైతు సిగ్గుపడితే, వ్యవసాయం చెప్పేటప్పుడు మీరే టీచరంటారు. మా ఆవిడా అలాగే సిగ్గుపడింది. వారం తర్వాత మాత్రం సిగ్గుపడలేదు, నన్ను బెంచీ ఎక్కించేటంత స్ట్రిక్టయింది.

ఆ ఏడాది పంట చేతికొచ్చాక మనవరాలే లెక్క రాసింది. నాలుగెకరాల్లో 13 క్వింటాళ్ల కందులు. ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 6,300. మొత్తం 81,900. దున్నకం, విత్తనం, కూలీలు, మందులు, నూర్పిడి కలిపి 46 వేలు. మిగిలింది 35,900. "ఇది ఆరు నెలలకా?" అంది. అవునన్నాం. "నాన్నకు కంపెనీ నెలకెంత ఇస్తుంది?" అని అడిగింది. మావాడు లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడు.

ఈ మాట దాచకూడదు. మా ఇంటి చదువు కందులతో నడవలేదు. లోపలి గదిలోని లాప్‌టాప్‌తో నడిచింది. జీతం వచ్చే తండ్రి, ఎమ్మెస్సీ చదివి ఇంగ్లిష్ చెప్పే తల్లి, పెన్షన్ తీసుకుంటున్న టీచరు తాత. ముగ్గురు పెద్దవాళ్లు ఇద్దరు పిల్లలకు. నా బళ్లో ఒక్కణ్నే ఐదు తరగతులు చెప్పిన సంవత్సరాలున్నాయి.

* * *

ఆ రోజుల్లోనే ఈ తరహా చదువుల గురించి వెతికి చదివాను. మనకు ఇది కొత్తేమీ కాదు. డేవిడ్ హార్స్‌బరో అనే ఇంగ్లిష్ ఆయన 1972లో కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ అని ఒక చిన్న బడి పెట్టాడు. మన మదనపల్లెకు దగ్గరే, ఆ పల్లెల్లో వినపడేది ఎక్కువగా తెలుగే. ఫీజుల్లేవు, పరీక్షల్లేవు. అన్ని వయసుల పిల్లలూ ఒకేచోట. వడ్రంగం, కుట్టుపని, తోటపని, అన్నీ చదువే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లెబడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. ఒకే టీచరు, అనేక తరగతులు. ఏ పిల్ల ఎంతవరకు వచ్చిందో అక్కణ్నుంచే తను ముందుకు పోతుంది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులు ఆ దారి పట్టాయి. నా ఐదు తరగతుల గదికి అది ముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 1990లో 32 ఎకరాల బంజరు కొని టింబక్టు అని పేరు పెట్టి, నేలను పచ్చగా చేస్తూనే పల్లెపిల్లలకు బడీ నడిపారు.

గమనించండి. వీళ్లంతా పొలాన్ని బడికి తెచ్చారు, లేదా పొలంలో బడి పెట్టారు. పక్కింటి పిల్లలు కూడా వచ్చే బడి. మాది మా ఇద్దరి కోసమే.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది గాంధీగారి సంగతి. 1910లో దక్షిణాఫ్రికాలో మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన పదకొండు వందల ఎకరాల్లో టాల్‌స్టాయ్ ఫారం పెట్టారు. పొద్దున పొలంపని, మధ్యాహ్నం చదువు. స్వయంగా ఆయనే మాస్టారు. సొంత పిల్లల్ని బయటి బళ్లకు పంపలేదు. పెద్దకొడుకు హరిలాల్‌కు మాత్రం అందరిలా చదువుకోవాలని ఉండేది. 1911లో ఇల్లు వదిలి, చదువు కోసం ఇండియా వచ్చేశాడు. అప్పటికే వయసు మించిపోయింది. మెట్రిక్ గట్టెక్కలేదు. ఆ తండ్రీకొడుకుల మధ్య ఏర్పడిన దూరం ఆఖరిదాకా పూడలేదు. పిల్లలకు తను చాలినంత పుస్తకాల చదువు ఇవ్వలేకపోయానని, దాని మీద వాళ్లకు బాధ ఉందని గాంధీగారే ఆత్మకథలో ఒప్పుకున్నారు. 1937లో వార్ధాలో ఆయన చెప్పిన నయీతాలీమ్ గురించి మాకు టీచర్ ట్రైనింగులో పాఠం ఉండేది. హరిలాల్ గురించి పాఠం లేదు.

పుస్తకం మూసి మనవరాలి వైపు చూశాను. సాయంత్రం హైస్కూలు పిల్లలు సైకిళ్ల మీద పోతుంటే గట్టు మీద నిలబడి చూస్తోంది. ఆ పిల్ల రోజూ ఆ వేళకు అక్కడే నిలబడుతుందని అప్పటిదాకా నేను పట్టించుకోలేదు.

* * *

2022 చివర్లో నా పాత విద్యార్థి ఒకడు రోడ్డు మీద కనిపించాడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడు. వాడి కోసం నేను తిరిగినన్ని సార్లు మరెవరి కోసమూ తిరగలేదు. ఇప్పుడు అరవై గొర్రెలున్నాయి. పక్కన పది పదకొండేళ్ల కొడుకు, చేతిలో కర్ర.

"ఏరా, వీడు బడికి పోవడం లేదా?"

"ఐదు అయిపోయింది సార్. ఆరుకి హైస్కూలుకి పోవాల. ఇంక చాల్లే అనుకున్యా."

నాకు పాత కోపం వచ్చింది. పాత పాఠమంతా మొదలుపెట్టాను. చట్టం ఉందిరా, పద్నాలుగేళ్లదాకా పిల్లలు బళ్లో ఉండాలిరా అన్నాను. వాడు తలొంచుకుని విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు.

"మీ పాపకు సేలోనే సదువు సెప్తన్నారంట గదా సార్. మంచి సదువంట, ఊరంతా అనుకుంటన్నారు. నేనూ మావోడికి గొర్రెల కాడే నేర్పిస్తన్నా. ఏ ఆకు మేపాల, ఏ రోగానికి ఏం కట్టాల, అన్నీ సెప్తన్నా."

ఎగతాళి కాదది. వెటకారం అయితే జవాబు చెప్పేవాణ్ని. వాడు నన్ను చూసి నేర్చుకున్నానని చెబుతున్నాడు. పాతికేళ్ల కింద వాడి తండ్రికి నేను చెప్పిన మాటలన్నీ నా కొడుకు, నా మనవరాలు కలిసి కొట్టేసినట్టయింది. మా పిల్ల బడికి పోకపోతే అది కొత్తరకం విద్య. వాడి కొడుకు పోకపోతే బడి మానేసిన పిల్లాడు. రెండు పొలాల మధ్య తేడా ఏమిటో నాకు తెలుసు. ఆ తేడా వాడికి చెప్పాలంటే మా ఇంట్లో ఉన్నవన్నీ మీ ఇంట్లో లేవురా అని చెప్పాలి. ఆ మాట ఏ నోటితో అనను?

చట్టాల సంగతీ అంతే. 2009 విద్యాహక్కు చట్టం ఇంటి చదువును పేరుపెట్టి ఒప్పుకున్నదీ లేదు, తల్లిదండ్రులకు శిక్ష వేసిందీ లేదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలు సొంతింటి పనిలో సాయపడవచ్చు అంది. కానీ ఎప్పుడు? బడి వేళల తర్వాత, సెలవుల్లో. బడి అనేదే లేని పిల్లకు 'బడి తర్వాత' ఎప్పుడొస్తుంది?

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మావాడు చాలాసేపు వాదించాడు. ఊళ్లో వాళ్ల కోసం నా పిల్లల్ని బలిపెట్టాలా అన్నాడు. వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. మనం చేసే ప్రతి పనీ ఊరికి పాఠం కావాలంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ వాదన రెండు గంటలు నడిచింది. చివరికి కోడలు, "అసలు పాపను అడుగుదాం" అంది.

పిలిచి అడిగాం. బడికి వెళ్తావా అని.

"వెళ్తాను" అంది వెంటనే.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"మీరు అడగలేదు కదా."

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ప్రశ్నలడగడం నేర్పించామని గొప్పలు పోయినవాళ్లమే ముగ్గురమూ. ఆ పిల్ల బడి మీద ఇష్టంతో కాదట, స్నేహితులు కావాలట. చేలో చదువు ఇష్టమేనట, కానీ ఎవరితోనైనా పందెం వేసుకుని చదవాలని ఉందట. తమ్ముడితో పందెం వేస్తే వాడు ఏడుస్తాడట.

2023 జూన్‌లో ఊరికి దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకు నేనే తీసుకెళ్లాను. టీసీ లేదు, మూడేళ్ల మార్కుల్లేవు. ఏమంటారో అని గుండె దడదడలాడింది. హెడ్మాస్టరు ఎవరి పిల్లో కూడా అడక్కుండా, పుట్టినతేదీ కాగితం చూసి ఆరో తరగతిలో రాసుకున్నారు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ లేదని ఆపకూడదు అని విద్యాహక్కు చట్టమే చెబుతుంది. నేనే ఎందరికో చెప్పిన సంగతి. బల్లకు ఇవతల నిలబడ్డప్పుడు గుర్తుండదు.

మొదటి నెల కష్టపడింది. లెక్కల్లో ముందుంది, సైన్సులో టీచర్ని ఊపిరాడనివ్వలేదు. సోషల్లో సున్నా. మేం సోషల్ సరిగా చెప్పనే లేదు. ముగ్గురిలో ఎవరికీ ఇష్టం లేని సబ్జెక్టు అది. గంట కొట్టగానే లేచి నిలబడాలని తెలియక రెండుసార్లు తిట్లు తింది. మూడో వారం ఇంటికొచ్చి, "తాతయ్యా, నాకు నలుగురు ఫ్రెండ్స్" అని వేళ్లు చూపించింది.

ఆ మర్నాడు నేను గొర్రెల దొడ్డికి వెళ్లాను. పాత విద్యార్థి నన్ను చూసి ముందే నవ్వాడు. "మీ పాప పోతందంట గదా సార్" అన్నాడు. వారం తర్వాత కొడుకును హైస్కూల్లో దించి వెళ్లాడు. వాడి హాజరు మాత్రం ఇప్పటికీ అతుకుల బొంతే. సంక్రాంతి దాటి మేత అయిపోతే మందతో సాగర్ కాల్వల కిందికి వలస పోతారు. రెండు నెలలు వాడు బళ్లో ఉండడు. తిరిగొచ్చాక సాయంత్రాలు మా వేపచెట్టు కిందికి వస్తాడు. పోయిన పాఠాలు మా మనవరాలు చెబుతుంది. నాకంటే బాగా కోప్పడుతుంది.

మనవడు ఇంకా ఇంట్లోనే. వాణ్నీ అడిగాం, వద్దన్నాడు. ప్రతి జూన్‌లోనూ మళ్లీ అడగాలి, అడిగినప్పుడు మనకు నచ్చిన జవాబు వచ్చేలా అడగకూడదు అన్నది కోడలి షరతు. బడికి వెళ్లకపోతే పద్నాలుగు నిండాక ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చని మావాడంటాడు. నాకు ఇప్పటికీ మనసొప్పదు. వాదిస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం మాత్రం వాడికి పాఠం మానలేదు.

మొన్న ఆరుద్రలో ఒక మంచి వాన కురిసింది. తెల్లారగానే మనవడు డబ్బా దగ్గరికి పరుగెత్తి, స్కేలు పెట్టి "పద్దెనిమిది!" అని అరిచాడు. బడికి తయారవుతున్న మనవరాలు జడ సగంలో వదిలేసి పలక తీసుకుంది. ఏడెకరాలకు ఐదు లక్షల పదివేల లీటర్లు. ఆమె కోసం వచ్చి గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడ్డ గొర్రెల కుర్రాడు పలకలోకి తొంగి చూశాడు.

"అన్ని నీళ్లు పడితే సార్, అవన్నీ యాడికి పోయినాయి?" అన్నాడు.

బడికి ఇంకా ముప్పావు గంట టైముంది. ముగ్గుర్నీ వెంటబెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చేను కింద తవ్వించిన నీటికుంట వైపు నడిచాను.